జవాబు ఆపిన పూట

నేను చేసే పని ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఇంట్లోనే కూర్చుని, ఒక కంపెనీ తరఫున పడవల్లో పెట్టే చిన్న డబ్బాకీ ఒడ్డున నా కంప్యూటరుకీ మాటలు కుదిర్చాను. డబ్బా మీద మూడు బటన్లు: ఐసు అయిపోయింది, ఇంజన్ ఆగింది, తిరిగొస్తున్నాం. ఏది నొక్కినా శాటిలైటు మీదుగా నా తెర మీదకి వస్తుంది. నేను చూసి ‘అందింది’ అని నొక్కితే అక్కడ ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వెలుగుతుంది. పడవ పిలవాలి, ఒడ్డు పలకాలి. ఒడ్డు తనంతట తాను పడవని ఏదైనా అడిగే దారి లేదు.

ఈ పిలుపులన్నీ రస్ట్ అనే కంప్యూటరు భాషలో ఒక మాక్రోగా రాశాను. పిలుపుకొక వరుస రాస్తే చాలు, పడవ వైపు కోడూ ఒడ్డు వైపు కోడూ అదే పుట్టిస్తుంది. రెండింటికీ తేడా వస్తే, కోడుని సరిచూసే కంపైలరు అక్కడే ఆపేస్తుంది. ఎంత మురిసిపోయానో! ఇక ఒకరి మాట ఇంకొకరికి తప్పుగా అర్థం కావడమనేదే ఉండదనుకున్నాను.

మావాళ్ళు వారం తిరక్కుండానే దానికి సొంత అర్థాలు పెట్టుకున్నారు. చేపల గుంపు తగిలితే మా అన్న ‘ఇంజన్ ఆగింది’ నొక్కేవాడు, అది నేను హార్బరులో చెప్పేదాన్ని. ఇంజన్ ఆగిన పడవకి ముందు సొంతవాళ్ళే పోతారు కాబట్టి మిగతావాళ్ళు కదిలేవాళ్ళు కాదు. మా చిన్నాయన మాత్రం “పాపం, లాక్కొస్తా” అంటూ బయల్దేరేవాడు. రెండు పడవలూ నిండుగా వచ్చేవి.

“ఇది మోసం కాదా అన్నా?” అంటే, “గమ్మునుండు మే, సముద్రం మీ కంపెనీదా?” అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం గాలి లేచింది. పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. అప్పుడు అన్న పడవ నుంచి ‘ఇంజన్ ఆగింది’ వచ్చింది. చిన్నాయన పడవ రిపేరుకని ఒడ్డునే ఉంది. ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు.

“చేపలు తగిలినట్టుండాయి. నా పడవ సంగతి వాడికి తెలీదు గదా. ఎవురికీ చెప్పబాక మే, జాగా తెలిసిపోతాది.”

చిన్నాయన పోలేడు, పోతే వేరేవాళ్ళే పోవాలి. చెప్పాక అది చేపల కబురని తేలితే, రేపు నిజంగా ఇంజన్ ఆగినా అన్న కోసం ఒక్క పడవ కదలదు. చెప్పకపోతే, అది నిజమైతే? ‘నిజమేనా అన్నా?’ అని ఒక్కమాట అడిగితే చాలు. అంత దూరానికి ఫోను అందదు, ఆ మాటకి నా మాక్రోలోనూ వరుస లేదు. ఇప్పుడు రాసినా, డబ్బా ఒడ్డుకి వస్తేనే అందులోకి ఎక్కుతుంది. నేను కట్టుకున్న దాంట్లో నేనే ఇరుక్కుపోయాను.

నా చేతిలో మిగిలింది ఒకటే, ‘అందింది’ ఇవ్వకుండా ఉండడం. చేపల కబురైతే వల లాగే హడావిడిలో అన్న డబ్బా వైపే చూడడు. నిజమైతే మళ్ళీ నొక్కుతాడు. వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడ ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. ఛీ, ఏం పని ఇది!

మళ్ళీ వచ్చింది. ఇంకోసారి వచ్చింది. తర్వాత ఆగకుండా వస్తూనే ఉంది, ఎవరో తలుపు బాదుతున్నట్టు. ‘అందింది’ నొక్కి, చెప్పులు కూడా వేసుకోకుండా హార్బరుకి పరుగెత్తి అందరికీ అరిచి చెప్పాను. రెండు పడవలు బయల్దేరాయి. పొద్దు గూకేలోపు అన్న పడవని లాక్కొచ్చాయి.

తల కూడా తుడుచుకోకుండా అన్న ఆ డబ్బా నా ముందు పడేశాడు.

“ఎన్నిసార్లు నొక్కినా ఎర్రగానే ఉండింది. లోపలికి నీళ్ళు కొడతా ఉండాయి. అవతల ఎవురూ లేరనుకున్నాం మే.”

“నేనే ఆపినా అన్నా. చేపలకేమో అనుకున్నా. మళ్ళీ నొక్కితే నిజమని తెలుస్తాదని...”

అన్న తిట్టినా బాగుండేది.

“చూసి కూడా ఊరికే కూర్చున్నావా?” అన్నాడు.

మర్నాడు మాక్రోలో కొత్త వరుస చేర్చాను: ఒడ్డు అడగొచ్చు, పడవ అవుననో కాదనో చెప్పాలి. కంపైలరు ఒక్క తప్పూ పట్టలేదు. అన్న డబ్బాలోకి నేనే ఎక్కించాను.

ఆ తర్వాత అన్న చేపల కోసం ‘ఇంజన్ ఆగింది’ నొక్కలేదు. అయినా చిన్నాయన పడవ ఎప్పటిలాగే అన్న దగ్గరికి పోతోంది, రెండూ నిండుగానే వస్తున్నాయి. ఇప్పుడు ఏ బటన్‌కి ఏ అర్థం పెట్టుకున్నారని అడిగాను.

“ఒడ్డునుండేదానివి, నీకెందుకులే” అన్నాడు అన్న.

ఇప్పుడు ఏది వచ్చినా ఒక్క క్షణం ఆగకుండా ‘అందింది’ నొక్కుతున్నాను. ఏమందిందో మాత్రం నాకు తెలియదు.