దాపటి చక్రం

మా అత్తింటివాళ్ళు లారీ కొన్నారు గాని, బుద్ధి మాత్రం ఎడ్లబండి దగ్గరే ఆగిపోయింది. ఈ మాట అప్పట్లో అన్నందుకే నాకు గయ్యాళి అని పేరొచ్చింది. ఇప్పుడు రాసి మరీ అంటున్నాను.

అరవైల్లో సంగతి. అద్దంకి చుట్టుపక్కల మిరపకాయలను గుంటూరు చేర్చడానికి మా ఆయన ఒక పాత లారీ కొన్నారు. తోలేది మా మరిది. అది వాకిట్లోకి వచ్చిన రోజునే మా అత్తగారు ఎడమ వైపు ముందు చక్రానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎడ్లబండికి దాపటి చక్రాన్ని, అంటే ఎడమ చక్రాన్ని పూజించడం వాళ్ళ ఇంటి ఆచారం. పూజ చేస్తే నాకేం నొప్పి? పూజ అందుకున్న చక్రాన్ని ఆ చోటు నుంచి కదపకూడదట! అదీ నా నొప్పి.

లారీతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఆ ఇంట్లో దాన్ని తెరిచింది నేనొక్కదాన్నే. టైర్లకు వంతులు వేయాలని అందులో బొమ్మలు గీసి మరీ చెప్పారు. ముందువి వెనక్కి, ఎడమవి కుడికి, వెనక జంటల్లో లోపలిది బయటికి, స్టెప్నీకీ ఒక వంతు. ఎందుకో తెలియడానికి పుస్తకం కూడా అక్కర్లేదు. అప్పట్లో తారు రోడ్డు ఒక్క బండి పట్టేంతే ఉండేది. ఎదురుగా బస్సొస్తే మన ఎడమ చక్రాలు పక్కనున్న కంకరలోకి దిగాల్సిందే. ఆ దెబ్బలన్నీ ముందుగా తినేది దాపటి చక్రమే.

బొమ్మ చూపిస్తే మరిది నవ్వాడు. "ఏం వదినా, బీయే చదివి లారీకి పాఠం చెబుతున్నావా?"

"లారీకి కాదయ్యా, నీకు. ఆ టైరు గుండైపోయింది. అది పేలితే స్టీరింగు నీ మాట వినదు."

"బండి తోలే బిడ్డ ముందర అట్టాంటి మాటలు అనబాకమ్మా!" లోపల్నుంచి అత్తగారు కేకేసింది. "నిలబెట్టిన అమ్మవారిని ఎవరన్నా వెనక్కి నెడతారా?"

"ఎడ్లబండికి రెండే చక్రాలు అత్తయ్యా, దానికి వెనకా ముందూ లేదు. దీనికి ఆరున్నాయి. తక్కిన అయిదూ ఏం పాపం చేశాయి?"

మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "నీకెందుకే ఇవన్నీ? రోజూ తోలేవాడు, వాడికి తెలీదా?"

తెలుసు. నా ఒళ్ళు మండేది అందుకే. జాకీ ఎక్కించి తక్కిన చక్రాలన్నీ చక్కగా మార్చుకునేవాడు. దీని దగ్గరికి వచ్చేసరికి చేతులు తుడుచుకుని లేచేవాడు. "అమ్మ బాధపడుద్ది వదినా. ఈ పంట కాలం పోనీ, కొత్తది వేయిద్దాంలే."

తల్లి బాధపడకూడదు. వదిన మాత్రం రోజూ లారీ చప్పుడు వినిపించేదాకా అన్నం సహించక కూర్చోవచ్చు.

చిలకలూరిపేట దాటాక, మిట్టమధ్యాహ్నం, నిండు బస్తాలతో ఉండగా ఆ దాపటి టైరే పేలింది. లారీ పక్కనున్న పత్తిచేలోకి ఒరిగింది. చేనంతా ఎర్రగా మిరపకాయలు పరిచినట్టుందని చూసొచ్చినవాళ్ళు వర్ణించి వర్ణించి చెప్పారు. మరిది ఎడమ మోకాలు నుజ్జయిందని చివర్న చెప్పారు.

"నీ నోటి మాటే తగిలింది నా బిడ్డకి," అంది అత్తగారు. మా ఆయన కాదనలేదు. టైరు అరిగి పేలలేదట, నేను అన్నందుకు పేలిందట! నా నోటికంత బలమే ఉంటే ముందు ఆ ఇంట్లో అందరికీ చెవులు మొలిపించేదాన్ని.

గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు గాని మోకాలు మళ్ళీ వంగలేదు. మరిదిని ఇంటికి తెచ్చాక ఒక సాయంత్రం మా ఆయన టైర్ల కొట్టు నుంచి వచ్చి, ఏదో కొత్త విద్య నేర్చుకున్నట్టు చెప్పారు. "టైర్లను అన్ని చోట్లకూ మారుస్తుండాలంట. ఆ కొట్టాయన భలే చెప్పాడు." అత్తగారు బుద్ధిగా తలూపింది. నేను చెబితే అపశకునం, కొట్టాయన చెబితే జ్ఞానం!

మంచం మీద కాలు బారజాపుకుని ఉన్న మరిది నా వైపు చూసి నవ్వబోయాడు. "నీ మాటే నెగ్గిందిగా వదినా. ఇంకా ఆ మొహమేంటి?"

"క్లచ్ తొక్కే కాలు ఇచ్చి నన్ను నెగ్గించమని నిన్నెవరు అడిగారయ్యా?" అన్నాను.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పేవాడు. ఆ రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.