అక్క ఎక్కితే ఆగే ఇంజిను

మా బాబాయికి తెలియని విషయం లేదు. కొబ్బరి తెగుళ్ళ దగ్గర్నుంచి రాకెట్ల దాకా అన్నిటికీ ఆయన ఫోనులో వీడియో ఉంటుంది. ఆ ధనుర్మాసంలో ఆయన పడవ ఇంజిను రోజూ పొద్దున్నే ఏటి మధ్యలో దగ్గి దగ్గి ఆగిపోతుంటే, దానికి ఆయన కనిపెట్టిన కారణం మా అక్క.

అక్క ఏటి అవతలి లంకలో బడిపంతులమ్మ. రాజోలు అవతల మా రేవు నుంచి ఆ లంకకి జనాన్ని దాటించే పంటు నడవదు. బాబాయికి అక్కడ కొబ్బరితోట ఉంది కనక రోజూ వెళతాడు, ఆయన పడవలో అక్క వెళుతుంది. తొమ్మిదిలోపు బడి ఆవరణలో నిలబడి ఫోనుకి ముఖం చూపిస్తేనే హాజరు. లేట్లు ఎక్కువై అప్పటికే మెమో వచ్చింది. మళ్ళీ ఆలస్యమైతే చర్య తీసుకుంటామని అందులో స్పష్టంగా రాశారు.

నేను కాకినాడలో పంపుల పనిలో ఉన్నాను, చదివింది మెకానికల్. సెలవుకి ఇంటికొచ్చేసరికి సంగతి ముదిరింది. యంత్రం మొరాయిస్తే ముందు చూడాలి, తర్వాత విప్పాలి, చివరికి మార్చాలి. మా రేవులో ఈ వరస తిరగబడి ఉంటుంది. ముందు మార్చేస్తారు, తర్వాత విప్పుతారు, చూడడమనే పని ఎవరూ పెట్టుకోరు. అప్పటికి స్పార్కు ప్లగ్గు మార్చారు, పెట్రోలు పైపు మార్చారు, రంగు వెలిసిందని నీళ్ళలో తిరిగే పంకా కూడా మార్చారు. పట్నం నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన మెకానిక్కు కార్బురేటరుని పానాతో రెండు దెబ్బలు కొట్టి, "గాలి పట్టేసిందండీ" అని రోగం పేరు చెప్పి వెళ్ళాడు. గాలి పట్టి పెట్రోల్లో కలపడానికే కార్బురేటరు పెట్టారని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మిగిలిన పరిశోధన రేవులో గొడుగు పట్టుకు కూర్చునే పెద్దాయన పూర్తిచేశాడు.

"ఆడపిల్ల ముందు కాలు పెట్టకూడదండీ పడవలోన. పూర్వం పెట్టనిచ్చేవారా?"

అక్క ఊరుకోలేదు. "సాయంత్రం వచ్చేటప్పుడూ నేనే కదండీ తాతగారూ ముందెక్కేది? అప్పుడెందుకు ఆగదంటారు?"

"ఇంటికొచ్చే శకునం వేరమ్మా" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

బాబాయి నన్ను పక్కకి పిలిచాడు. "ఒరేయ్, నేను శకునాలు నమ్మే మనిషిని కాను. సైంటిఫిక్‌గా చెబుతున్నాను. నేనొక్కణ్ణీ వెళ్ళిన రోజు ఆగలేదు."

"ఏ రోజు బాబాయ్?"

"ఆదివారం."

"ఎన్నింటికి వెళ్ళేవు?"

"భోంచేసి వెళ్ళేను. అయితే?"

అయితే ఏమిటో ఆయనకి తట్టలేదు. ఇంజిను పొద్దున్న ఆగుతుంది, ఎండెక్కాక ఆగదు. పదో తరగతి ప్రయోగాల పుస్తకం చదివిన పిల్లాడు కూడా ముందు గడియారం చూస్తాడు. వీళ్ళు ఎక్కిన మనిషి కాళ్ళు చూశారు. వచ్చే వారం నుంచి అమ్మాయి వంతెన మీదుగా బస్సులో వెళ్ళాలని బాబాయి తీర్పు చెప్పేశాడు. ఆ దారిన అక్క బడి చేరేసరికి పిల్లలకి మధ్యాహ్న భోజనం గంట కొడతారు. అంటే ఉద్యోగం వదులుకోమనడమే, కాస్త మర్యాదగా.

మర్నాడు నేనూ పడవెక్కాను. నడి ఏటిలో ఇంజిను దగ్గడం మొదలెట్టింది. చోక్ లాగి పట్టుకున్నాను, కుదుటపడింది. వదిలితే మళ్ళీ దగ్గింది. చోక్ గాలిని తగ్గిస్తుంది. గాలి తగ్గిస్తే బాగుందంటే, లోపలికి పెట్రోలు చాలడం లేదన్నమాట. ట్యాంకులో ఉంది, పైపులో దిగుతోంది, కార్బురేటరు దగ్గరే ఎక్కడో అడ్డం పడుతోంది. అవతలి గట్టు దాకా ఆ చోక్ పట్టుకునే ఉన్నాను. అక్క చెప్పులు చేతపట్టుకుని బడికి పరిగెత్తింది. హాజరైతే పడింది.

సాయంత్రం కార్బురేటరు విప్పాను. అడుగున పెట్రోలు నిలిచే చిన్న గిన్నె, దాని మధ్యలో సూదిమొన పట్టేంత బెజ్జం ఉన్న జెట్టు, అన్నీ కడిగిన ముత్యంలా ఉన్నాయి. బాబాయి తెగ సంతోషించాడు.

"ఏం ఇంజనీరుగారూ? దొరికిందా దెయ్యం?"

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్న జబ్బుని సాయంత్రం వెతకడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంజిను కట్టేటప్పుడు ఆయన పెట్రోలు కుళాయి కట్టేసి, గిన్నెలో ఉన్నది కాలేదాకా నడిపి ఆపుతాడు. మంచి అలవాటే. కాబట్టి రాత్రికి గిన్నె అడుగున ఓ తడి మాత్రం మిగులుతుంది. ఆ తడి తెల్లారేసరికి ఏమవుతోందో చూడాలి.

తెల్లారి మంచు కురుస్తుండగా, పెట్రోలు వదలకముందే గిన్నె ఊడదీశాను. అడుగున తెల్లగా, మైనంలా పేరుకుని ఉంది. జెట్టు బెజ్జం సగం పూడిపోయింది. వేలితో తీస్తే వేలి వేడికే కరిగింది. వాసన చూడక్కర్లేదు, అయినా చూశాను. ఆ ఇంజిను పొగ కమ్మగా వంటింటి వాసన ఎందుకేస్తుందో అప్పుడర్థమైంది. ఈ రకం ఇంజినుకి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తారు.

"పెట్రోల్లో ఏం ఆయిలు కలుపుతున్నావు బాబాయ్?"

"మన నూనే."

"మన నూనంటే?"

"మన చెట్ల నూనెరా. గానుగలో ఆడించేను. కెమికల్ ఆయిలు పోస్తే ఇంజిను లోపల పుండు పడుతుందంట. వీడియో వచ్చింది, చూపించనా?"

కోనసీమలో పుట్టిన ప్రతి మనిషీ చలికాలంలో తల దువ్వుకోబోయే ముందు నూనె సీసాని ఎండలోనో వేణ్ణీళ్ళలోనో పెడతాడు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. రేవులో నిలబడి తీర్పులిచ్చిన వాళ్ళందరూ పొద్దున్నే ఆ సీసాని ఎండలో పెట్టి వచ్చినవాళ్ళే. రాత్రికి గిన్నెలో పెట్రోలు ఎగిరిపోయి మిగిలిన అదే నూనె చలికి గడ్డకట్టి జెట్టుకి అడ్డం పడుతుందని, ఎండెక్కాక కరిగిపోతుందని ఒక్క బుర్రకీ అందలేదు. ఓ ఆడపిల్ల కాలు మాత్రం వెంటనే అందింది.

గిన్నె తుడిచి, జెట్టు ఊది బిగించాను. ఆ రోజు పడవ ఎక్కడా ఆగలేదు. అక్క నింపాదిగా నడిచి బడికి వెళ్ళింది.

బాబాయి ఒప్పుకుంటాడనుకుంటే అది నా అమాయకత్వం. సాయంత్రానికల్లా రేవులో ఆయన గొంతే వినిపించింది. "కారణం కనిపెట్టేమండీ. ఇంజినుకి చలేస్తోంది."

"ఆయ్, వెయ్యదా మరి, ఏటి గాలాయె" అన్నాడు గొడుగు పెద్దాయన.

మర్నాడు పొద్దున చూస్తే ఇంజిను దుప్పటి కప్పుకుని ఉంది. ట్యాంకులో మాత్రం అదే నూనె. నేను నోరు తెరిచేలోపే అక్క బ్యాగులోంచి బంకులో కొన్న ఆయిలు సీసా తీసింది. ఒక చేత్తో క్యాను అందుకుని బాబాయి ఎదురుగా నిలబడింది.

"ఇవాళ్టి నుంచి పెట్రోలు నేనే తెస్తాను, ఆయిలు నేనే కలుపుతాను. నీ నూనె నా తలకియ్యి బాబాయ్. నా ఉద్యోగం మీద పొయ్యకు."

"మరి పుండు పడితే?"

"పడితే కట్టు కడతాను. లే, ట్యాంకు వంచు."

బాబాయి నా వైపు చూశాడు. నేను ఏటి వైపు చూశాను. ఆయన నిట్టూర్చి ట్యాంకు వంచి పాతదంతా ఖాళీ చేశాడు. అక్క సీసా మూతతో కొలిచి కలిపి పోసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గొడుగు పెద్దాయన చూస్తుండగా, అందరికంటే ముందు పడవలో కాలు పెట్టింది.

తాడు రెండోసారి లాగేసరికే ఇంజిను అందుకుంది. బాబాయి దుప్పటి మడతపెట్టి, కిందేసుకుని కూర్చున్నాడు.