సిగరెట్ మానేశాక సారు రుచి

సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు నాకు ఇంగువ వాసన వచ్చింది.

గోడ గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి సమయం గుర్తుంది. ఆ రోజు ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. యంత్రాలతో పాటు ఇచ్చే వాడుక పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. ఏ మీట ఎప్పుడు నొక్కాలో, ఏ మూత ఎప్పుడు తెరవకూడదో రాస్తుంటాను. వాసన రాగానే వాక్యం మధ్యలో వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఉండదని తెలుసు. నా భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. కింది అంతస్తులో ఎవరో పోపు పెడుతున్నారు, ఆ వాసన కిటికీలోంచి వస్తోంది. బహుశా రోజూ వస్తూనే ఉండి ఉంటుంది. నాకే ఇన్నాళ్లూ తెలియలేదు.

సిగరెట్ మానేసి అప్పటికి కొన్ని వారాలు.

మానేయడం వెనక పెద్ద కథేమీ లేదు. ఆమె ఉన్నన్నాళ్లూ బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి తాగేవాణ్ణి. ఇంటి లోపల తాగకూడదన్నది ఆమె పెట్టిన ఒకే ఒక్క షరతు. ఆమె పోయాక కూడా చాలా రోజులు అలాగే బాల్కనీలోకి వెళ్లాను. ఒక ఉదయం జల్లు లోపలికి కొడుతుంటే హాల్లో కుర్చీలోనే కూర్చుని వెలిగించాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఈ ఇంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ తాగొచ్చని రెండు దమ్ములు లాగాక అర్థమైంది. దాన్ని కాఫీ గ్లాసులో ఆర్పేశాను. పెట్టెలో మిగిలినవి కొళాయి కింద తడిపి చెత్తబుట్టలో వేశాను. ఒట్లేమీ పెట్టుకోలేదు. ఆమె జబ్బుకీ నా పొగకీ సంబంధం లేదు. ఆ సంగతి డాక్టర్ని ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అడిగాను. లేదనే చెప్పాడు.

మానేస్తే వచ్చే లాభాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు చెప్పినవి అబద్ధాలు కావు. లిఫ్టు పనిచేయని రోజున కూరగాయల సంచితో మూడో అంతస్తుకు ఆగకుండా ఎక్కాను. పొద్దున్నే వచ్చే దగ్గు పోయింది. ఆ దగ్గే ఇంట్లో మొదటి చప్పుడుగా ఉండేది. అది విని ఆమె కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఇప్పుడు నేను నిద్ర లేచిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ముక్కు తెరుచుకుంది. వాన పడ్డాక మట్టి వాసన, దాంతో పాటు మా వీధి చివరి మురుగుకాలువ వాసన కూడా మునుపటికంటే బాగా తెలుస్తున్నాయి. నా పుస్తకాలన్నీ పొగ కంపు కొడుతున్నాయని కూడా అప్పుడే తెలిసింది. ఒక్కొక్కటే తీసి బాల్కనీలో ఎండకు పెట్టాను. మళ్లీ లోపల సర్దాను. మర్నాడు మళ్లీ పెట్టాను.

సమయం మిగులుతుందని కూడా చెప్తారు. మిగిలింది. అదే కష్టమైంది. ఇంతకు ముందు రోజు సిగరెట్‌కీ సిగరెట్‌కీ మధ్య చిన్న చిన్న ముక్కలుగా ఉండేది. ఒక్కో ముక్క గడిపేస్తే చాలు. ఇప్పుడు రోజంతా ఒకేసారి ఎదురుగా ఉంటోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎందుకు లేచానో తెలియదు. హాల్లోంచి పడకగదికి, అక్కణ్ణుంచి బాల్కనీకి, మళ్లీ హాల్లోకి. పుస్తకం తీస్తే అదే పేజీ. చేతులు చొక్కా జేబు దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేవి. చివరికి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లేవాణ్ణి.

వీధి మలుపులో బేకరీ ఉంది. నేను టీ తాగుతూ సిగరెట్ కాల్చేది అక్కడే. మేముండేది కన్నడ ఊరే అయినా ఆ అంగడాయన చింతామణి వైపు మనిషి, తెలుగే మాట్లాడతాడు.

"ఏం సార్, ఊర్లో లేరా? కనపడ్తానే లేరు," అన్నాడు చాలా రోజుల తర్వాత నన్ను చూసి.

"ఇక్కడే ఉన్నా. మానేశాను."

"అంగడి మార్చేస్తిరా? నేనేం తప్పు చేస్తి సార్?"

"అంగడి కాదండీ, సిగరెట్ మానేశాను."

"ఓ, అదా!" అని టీ గ్లాసు ముందుకు తోశాడు. "ఒకటో తేదీ మానేస్తారు, ఐదో తేదీ వస్తారు. నేను చూడంది కాదు. మీ బ్రాండు పక్కన పెట్టింటాను, సుమ్నే, ఊరికే అడిగితే చాలు."

నవ్వి వచ్చేశాను. కానీ మీ బ్రాండు పక్కన పెట్టింటానన్న మాట వెంట వచ్చింది.

ఇక్కడ సారు గురించి చెప్పాలి. మాది ఒంగోలు వైపు, మేం చారు అంటాం. ఆమెది హొసకోటె. ఎన్నో తరాల కిందటే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్లింట్లో అది సారు. ఆదివారం మధ్యాహ్నం కందికట్టు, టమాటా, చింతపండు వేసి, తను ఆడించి తెచ్చిన పొడి వేసి, నేతిలో వెల్లుల్లి పోపు పెట్టేది. వెల్లుల్లిని ఆమె తెల్లగడ్డ అనేది. పోపు పెట్టాక ముందు చిన్న గిన్నెలోకి కొంచెం తీసి, మూత పెట్టి, పొయ్యి పక్కనే ఉన్న దేవుడి గూట్లో పెట్టేది. అప్పుడు మళ్లీ పెద్ద గిన్నె వైపు తిరిగి, ఎర్ర మూత సీసాలోంచి ఇంకో చెంచా పొడి వేసి, ఒక పొంగు రానిచ్చేది. చిన్న గిన్నెది నైవేద్యం, పెద్ద గిన్నెది మాకు అనుకునేవాణ్ణి. తర్వాత ఆమె ఆ చిన్న గిన్నెలోది కలుపుకుని తినేది. ప్రసాదం కదా, వృథా చేయదు అనుకునేవాణ్ణి. నాకు పూజలు పట్టవు. అందుకే అడగలేదు.

ఆమె పోయాక ఎర్ర మూత సీసా ఫ్రిజ్‌లో మిగిలింది. సగానికి పైగా ఉంది. ప్రతి ఆదివారం ఆ పొడితో సారు కాచుకున్నాను. మిగిలిన వంటలు నాకు సరిగా రావు. కానీ పొడి ఆమెది కాబట్టి సారు మాత్రం ఆమె చేసినట్టే ఉండేది. వారంలో నేను కుదురుగా కూర్చుని తినే భోజనం అదొక్కటే.

ఇంగువ వాసన తెలిసిన వారం, ఆదివారం కోసం ఎదురుచూశాను. ముక్కు వచ్చింది, నాలుక వచ్చింది, ఇక సారు ఇంకెంత బాగుంటుందో అనుకున్నాను. కాచాను. అన్నంలో పోసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మంట. కళ్లలో నీళ్లొచ్చాయి. రెండో ముద్దలో ఉప్పు, మిరియాల ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. పొడి పాడైందేమో అనుకున్నాను. చెంచా కొలతలో తప్పు చేశానేమో అనుకున్నాను. మర్నాడు సగం పొడితో కాచాను. అది నీళ్లలా ఉంది, అయినా గొంతు దగ్గర మండింది. టమాటాలు మార్చాను, చింతపండు తగ్గించాను. ఏం చేసినా అది ఆమె సారు కాలేదు.

పొడి అదే, గిన్నె అదే. మారింది నా నాలుక ఒక్కటే. అది తెలిశాక ఇంకొకటి కూడా తెలిసింది. ఒక్క సిగరెట్ కాల్చి భోజనానికి కూర్చుంటే సారు మళ్లీ ఎప్పటిలా ఉంటుంది. ఒకటితో నాలుక మొద్దుబారకపోతే నాలుగు రోజులు కాలిస్తే సరిపోతుంది. ఆమె చేతి రుచి అని నాకు మిగిలింది ఆ సీసా ఒక్కటే. ఆ సీసా అయిపోయేదాకా తాగి, తర్వాత మళ్లీ మానేయవచ్చు. ఆ వారమంతా ఇదే లెక్క. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి గదిలో తిరుగుతూ ఇదే ఆలోచించాను. ఊపిరి బాగుండటం, మెట్లు ఎక్కగలగడం ఒకవైపు. ఆదివారం భోజనం ఒకవైపు.

మరుసటి ఆదివారం బేకరీకి వెళ్లాను. అంగడాయన ఏమీ అడగకుండా ఒక సిగరెట్ తీసి ఇచ్చాడు.

"చెప్తిని కదా సార్," అన్నాడు.

అక్కడ వెలిగించలేదు. జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి సారు కాచాను. కంచం పెట్టుకుని, పక్కన సిగరెట్, అగ్గిపెట్టె పెట్టుకున్నాను. బాల్కనీ తలుపు దాకా వెళ్లాను, వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

నా భార్య అక్కగారు. వదిన హొసకోటె నుంచి అప్పుడప్పుడు బస్సెక్కి వస్తుంది. చేతిలో కరివేపాకు, చిక్కుడు గింజలు ఉన్న సంచి. లోపలికొచ్చి కంచం చూసింది, సిగరెట్ చూసింది.

"ఏమప్పా, అన్నంలోకి నంజుకునేది ఇదేనా?"

"మానేశాను వదినా."

"మానేసినోడు కంచం పక్కన పెట్టుకుంటాడా?"

చెప్పక తప్పలేదు. నాలుక గురించి, పొడి గురించి, నేను వేసుకున్న లెక్క గురించి చెప్పాను. పైకి చెప్తుంటే నాకే తెలివితక్కువగా వినిపించింది. వదిన నవ్వలేదు. గరిటెతో కొంచెం సారు అరచేతిలో పోసుకుని రుచి చూసింది. వెంటనే దగ్గింది.

"అయ్యో, ఇది నీ సారు కదప్పా. దాని సారు ఏది?"

"దాని సారు అంటే?"

"మా చెల్లెలు తినేది. ముందే తీసిపెట్టుకుంటా ఉండె కదా, చిన్న గిన్నెలో."

"అది దేవుడికి కదా, వదినా?"

వదిన సంచి కింద పెట్టేసింది. అప్పుడు నవ్వింది.

"దేవునికా? తెల్లగడ్డ వేసిన సారు దేవునికి పెడతారేమప్పా ఎవరైనా? చేతికి దగ్గరని గూట్లో పెట్టింటుంది, అంతే. గోడ నిండా పుస్తకాలు ఉండాయి, ఇంత కూడా తెలీదా నీకి?"

నేను కుర్చీలో కూర్చున్నాను. వదిన చెప్పింది. పెళ్లైన కొత్తలో ఏది పెట్టినా ఉప్పు లేదు, కారం లేదు అని నేను గొణిగేవాణ్ణట. సిగరెట్ తాగే నాలుకకు మన సారు ఎక్కదక్కా అని ఆమె వాళ్లక్కతో అందట. అప్పట్నుంచి పొడి రెండు రకాలుగా ఆడించేది. ఒకటి వాళ్లమ్మ చేసినట్టు. ఇంకొకటి అదే పొడి, మిరపకాయలు, మిరియాలు బాగా ఎక్కువ వేసి, నాకోసం.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఏం చేస్తావు? సిగరెట్ మానేస్తావా? సారు మానేస్తావు." వదిన అప్పటికే ఫ్రిజ్ తెరిచి వెతుకుతోంది. "తెల్ల మూత సీసా ఉండాల. యాడ పెట్టినావు?"

తెల్ల మూత సీసా ఉంది. అందులో పొడి లేత రంగులో ఉంటే ధనియాల పొడి అనుకుని అలమరలో వెనక్కి నెట్టేశాను. వదిన మూత తీసి వాసన చూసి నాకిచ్చింది. నేనూ చూశాను. ధనియాలు, వేయించిన మెంతులు, కొంచెం ఎండు కరివేపాకు. రెండు నెలల కిందట ఆ సీసా ముక్కు కిందే పెట్టుకున్నా నాకేమీ తెలిసేది కాదు.

వదిన మళ్లీ కాచింది. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఆ సారులో కారం వెనకగా, తక్కువగా ఉంది. ముందు టమాటా పులుపు, తర్వాత ధనియాలు, చివర్లో మెంతుల చేదు కొద్దిగా. ఈ రుచి నాకు కొత్త. ఇన్నేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం, ఆమె తిన్నది నేనెప్పుడూ తినలేదు. నేను ఆమె రుచి అనుకున్నది నా రుచి. అందులో ఆమె శ్రమ ఉంది, అది వేరే సంగతి. నాకు ఏడుపు రాలేదు. ఓదార్పు దొరికిందని కూడా చెప్పను. భోజనం మధ్యలో లేవలేదు, అంతే. రెండోసారి కూడా పోసుకున్నాను.

"దీన్నేం చేస్తావు?" అంది వదిన, సిగరెట్ చూపించి.

కొళాయి కింద తడిపి చెత్తలో వేశాను.

"ఆ ఎర్ర మూతది నాకియ్యి. మీ అన్నకి, మా ఇంటాయనకి వేస్తాను. ఆ మనిషి బీడీలు మానేదీ లేదు, నాలిక బాగయ్యేదీ లేదు."

ఇవ్వడానికి చేతులు రాలేదు. సీసా పట్టుకుని కాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. వదిన తొందర పెట్టలేదు, చిక్కుడు గింజలు ఒలుస్తూ కూర్చుంది. చివరికి పొడంతా ఒక డబ్బాలోకి ఒంపి ఇచ్చాను. సీసా ఉంచుకున్నాను. వాళ్లమ్మ చేసినట్టే పొడి చేసి, హొసకోటె మిల్లులో ఆడించి పంపిస్తానంది. పంపింది కూడా. తెల్ల మూత సీసా ఖాళీ అయ్యాక ఆ పొడే వాడుతున్నాను. అది ఆమె ఆడించింది కాదు. కానీ ఆమె తిన్నది అదే.

ఇప్పటికీ సాయంత్రాలు కుదురుగా కూర్చోలేను. బేకరీ మీదుగా నడుస్తాను. అంగడాయన ఇంకా పక్కన పెట్టే ఉంచాడట. టీ తాగి వచ్చేస్తాను. కింది అంతస్తులో నాలుగున్నర దాటాక పోపు పెడతారు. వాసన వస్తుంది. పని ఆపి వింటున్నట్టు కూర్చుంటాను, కానీ లేచి వంటింట్లోకి వెళ్లను.

ఆదివారం సారు ఒకే గిన్నెలో కాస్తాను. చిన్న గిన్నెలోకి విడిగా తీసిపెట్టడం ఇప్పుడు మా ఇంట్లో లేదు.