కాలవ గట్టు మీద బాబాయి కారు

నా చిన్నప్పుడు మా బాబాయి టాక్సీ నడిపేవాడు. అది అప్పటికే చాలా చేతులు మారి వచ్చిన పాత నల్లకారు. పటమటలో మా పెంకుటింటి ముందు గోడకు ఆనించినట్టుగా నిలబెట్టేవాడు. పిల్లలం దాన్ని తుడవాలే గాని లోపల కూర్చునే హక్కు మాకు లేదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బళ్లో చెప్పినవి పెద్దగా గుర్తులేవు. ఆ కారు ముందు సీట్లో కూర్చున్న ఒక్క పూట నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

ఆ కారుకు ఒక జబ్బుండేది. తిన్నగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఓ పక్కకు జరిగేది. బాబాయి స్టీరింగు ఎదురు తిప్పితే ఒక క్షణం ఏమీ అయ్యేది కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా రెండో పక్కకు పోయేది. ఆ రోజుల్లో మా వైపు డ్రైవర్లందరిదీ ఒకటే మాట, రోడ్డు బాగాలేదని. అది పూర్తిగా అబద్ధమూ కాదు. నల్లరేగడి మీద వేసిన రోడ్లు ఎండలకు నెర్రెలు విచ్చి, వానలకు ఉబ్బి, గేదె వీపులా తయారయ్యేవి. అందుకని బండి ఎటు లాగినా తప్పు రోడ్డు మీదకే నెట్టేవాళ్లు. దానికితోడు వెనక బండి బరువు మోసే కమాను కట్టలు, ఆ స్ప్రింగు పట్టీలు, ప్రతి గుంతకూ కీచుమని అరిచేవి. బాబాయి వాటికి వాడేసిన ఆయిలు పూసి, అరుపు ఆగగానే కారు బాగైపోయిందనుకునేవాడు.

మా పెదనాన్న అలా అనుకోలేదు. ఆయన నాన్నకూ బాబాయికీ అన్న. ఏళ్ల తరబడి లారీ తోలి, కాలికి దెబ్బ తగలడంతో మానేసి ఇంటిపట్టున ఉండేవాడు. సాయంత్రాలు కారు పక్కన ముక్కాలిపీట వేసుకుని, ముందు టైరును అరచేత్తో నిమిరి చూసేవాడు. "ఒరేయ్, లోపలి అంచు ఒక్కటే తినేస్తోందిరా. ముందు చక్రాలు తిప్పే కడ్డీ కీలేదో వదులైంది" అని చెప్పాడు. బాబాయి నవ్వేశాడు. "లారీ కళ్లతో చూస్తే అన్నీ వదులుగానే కనపడతాయిలే అన్నయ్యా!" పెదనాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిన్ని అప్పుడు తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. చల్లపల్లి దాటాక కాలవ గట్టు పట్టుకుని పోతే వచ్చే చిన్న ఊరు అది. పెళ్లి ముహూర్తాల రోజులు. ఒకనాడు పొద్దున్నే పిన్ని వాళ్ల అన్నయ్య మొదటి బస్సుకు దిగాడు. కడుపులో బిడ్డ అడ్డంగా ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. నొప్పులు ఇంకా మొదలవలేదు గాని, మొదలైతే అక్కడ చేయగలిగింది లేదు, ఈ పూటే బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చమందట. బస్సు కుదుపులు పనికిరావందట.

బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కారెక్కాడు. వీధి మలుపు కూడా దాటలేదు. అంతకు ముందురోజే ఎవరో చెప్పారని స్టీరింగు పెట్టె మీది స్క్రూ బిగించాడట, వదులు పోతుందని. వదులు పోలేదు సరికదా, మలుపులో తిప్పిన చక్రం తిరిగి రాలేదు. కారు మురిక్కాలవ అంచుకు పోయి ఆగింది. వెనక్కి తెచ్చి దిగేసరికి బాబాయి మొహాన నెత్తురు చుక్క లేదు. మా వీధిలో నల్లరేగడి లేదు, ఈసారి రోడ్డును తిట్టడానికి వీల్లేకపోయింది.

ఇక ఆయన హడావిడి చూడాలి! సుత్తి తీసుకుని వెనక కమాన్ల మీద ఒక దెబ్బ, ముందు చక్రం మీద ఒక దెబ్బ. కమాన్లు పోయాయంటాడు, షాకులు పోయాయంటాడు, అన్నీ విప్పించేస్తానంటాడు. ఇంకో టాక్సీ మాట్లాడదామని నాన్న స్టాండుకు వెళ్లాడు, బళ్లన్నీ పెళ్లిళ్లకు వెళ్లిపోయాయని తిరిగొచ్చాడు. నాయనమ్మ వెనక సీట్లో బొంత పరిచేది, మళ్లీ తీసి దులిపేది, మళ్లీ పరిచేది. పిన్ని అన్నయ్య గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి గుమ్మంలోకి తిరుగుతున్నాడు. ఇంట్లో కాలు నిలిచిన మనిషి లేడు.

పెదనాన్న కుంటుకుంటూ వచ్చి బాబాయి చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపించాడు. నన్ను పిలిచి, "అమ్మాయ్, ఎక్కి కూర్చో. నేను చెప్పినప్పుడు బ్రేకు తొక్కు" అన్నాడు. నాకు కాళ్లు అందక సీటు అంచున నిలబడ్డట్టు కూర్చున్నాను. బాబాయి చేత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపించాడు. అది కదల్లేదు. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపిస్తే మెత్తగా టిక్కుమంది. నేను రెండు కాళ్లతో బ్రేకు తొక్కి ఉన్నా ఆ టిక్కు పోలేదు. "బేరింగు కాదు, కమానూ కాదు. చక్రాలు తిప్పే కడ్డీల్లోనే ఉంది వదులు" అన్నాడు పెదనాన్న. రెండో చక్రమూ అలాగే చూసి, జాకీ దించాకే బాబాయిని కింద దూరమన్నాడు.

నాకు అప్పుడు అసలు పని చెప్పాడు. "స్టీరింగు పిసరంత ఇటు, పిసరంత అటు. చక్రం తిరగబోయే లోపు ఆగాలి. అంతకు మించి తిప్పావో, కింద నీ బాబాయి వేళ్లు నలుగుతాయి."

ఎన్నాళ్లుగానో ఆశపడ్డ స్టీరింగు చేతికొచ్చింది. తీరా తిప్పకుండా ఆపుకోవడమే నా పని! చేతులు జివ్వున లాగుతున్నాయి. ముక్కు దురద. ఒక్కసారి గిర్రున తిప్పేసి దిగి పారిపోవాలనిపించింది. పిసరంత ఇటు, పిసరంత అటు. కింద బాబాయి కీలు తర్వాత కీలు మీద అరచెయ్యి వేసి పట్టుకుంటున్నాడు. మొదట్లో గొణుగుడు, తిట్లు వినిపించాయి. "ఇక్కడేం లేదు... ఇక్కడా లేదు... టైము పోతోందిరా దేవుడా!" పెదనాన్న చక్రం పక్కన కూలబడి, "చూడకు. కళ్లు మూసుకుని పట్టుకో. కీలుకు ఒక పక్క కదిలి రెండో పక్క కదలకపోతే చెప్పు" అంటున్నాడు. కాసేపటికి కింద గొణుగుడు ఆగిపోయింది. నాయనమ్మ కూడా బొంత చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదే! ఎడమ చివర. అన్నయ్యా, నా చేతిలో ఆడుతోంది, ఇదే!"

గ్రీజు తుడిస్తే బయటపడింది. కడ్డీ చివర గుండు కీలు అరిగి ఊడబోయే పన్నులా ఊగుతోంది. గ్రీజు దట్టంగా కూరి ఉండడంతో అది ఎప్పుడూ చప్పుడు చేయలేదు. అరిచిన కమాన్లకేమో రోజూ వైద్యం జరిగింది. బాబాయి బయటికి పాకి వచ్చి, ఇప్పుడీ ముక్క ఎక్కడ దొరుకుతుందని మళ్లీ కంగారుపడబోయాడు. పెదనాన్న పంచె మడతలోంచి నూనె కాగితం పొట్లం తీశాడు. అందులో కొత్త కీలు ఉంది. టైరు చూసిన నాడే ఆటోనగర్ నుంచి తెప్పించి దాచాడట.

"తెలిసే నన్ను కింద దూర్చావా?" అన్నాడు బాబాయి.

"ఆ వణికే చేతులతో గట్టెక్కుతావా? ఇప్పుడు చూసుకో నీ చేతులు."

బాబాయి చూసుకున్నాడు. మసి అయితే మోచేతుల దాకా ఉంది, వణుకు లేదు.

పాత కీలు ఎన్ని చుట్లు బిగిసి ఉందో కొత్తదీ అన్ని చుట్లే బిగించారు. రెండు చక్రాల మధ్య ముందూ వెనకా దారం పట్టి కొలిచి సరిచేశారు. ముందురోజు బిగించిన స్క్రూను వదిలి, స్టీరింగు బరువు లేకుండా తిరిగి వచ్చేదాకా చూశారు. నట్టు ఊడకుండా గుచ్చే పిన్ను పాతది విరిగిపోయింది. నాయనమ్మ వెంటనే కొప్పులోంచి తలపిన్ను లాగి, "ఇదిగో, గట్టిదేరా" అంది. మా ఇంట్లో ఏ వస్తువూ వృథా కాకూడదు, ఆమె పెంపకం అది. పెదనాన్న గట్టిగా నవ్వి, "ఇంకెక్కడైనా పొదుపు చెయ్యవే అమ్మా. నీ కోడలి ప్రాణం ఈ పిన్ను మీద వేలాడుతుంది" అని పొట్లంలోంచి కొత్త పిన్నే తీశాడు. నాయనమ్మ తలపిన్ను కొప్పులో పెట్టేసుకుంది. వీధి చివరిదాకా ఒకసారి మెల్లగా తోలి చూసి, నాయనమ్మనూ పిన్ని అన్నయ్యనూ ఎక్కించుకుని బాబాయి బయలుదేరాడు.

నేనూ పెదనాన్నా అరుగు మీద మిగిలాం. ఆయనకు బెంగే లేదనుకున్నాను. కాని కొలిచిన దారాన్ని వేలికి చుట్టడం, విప్పడం, చుట్టడం, పొద్దు వాలేదాకా అదే పని. అన్నం పెడితే కలిపి వదిలేశాడు. అంతసేపూ బాబాయిని నిలబెట్టిన మనిషి లోపల ఎంత ఊగుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. దారం రెండో కొస పట్టుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు నల్లకారు వచ్చింది. పిన్నినీ తోడు వెళ్లినవాళ్లనూ ఆసుపత్రిలో దింపి బాబాయి ఒక్కడే వచ్చాడు. గట్టు మీద గడ్డి లారీ ఎదురొచ్చిందట. చక్రం నీళ్ల అంచుకు జానెడు దూరంలోకి దించి తప్పించాల్సి వచ్చిందట. "ఎంత తిప్పితే అంతే తిరిగింది అన్నయ్యా" అన్నాడు. పెదనాన్న దారాన్ని జేబులో పెట్టుకుని, కలిపి వదిలేసిన అన్నం ముందుకు లాక్కున్నాడు. మర్నాడు ఆపరేషను చేసి మగపిల్లాణ్ణి తీశారు.

ఇప్పుడు నా మనవలు మిక్సీ కాస్త అరిస్తే కొత్తది కొందామంటారు. ముందు దాని మీద చెయ్యి వేసి చూడమంటాను. అసలు వదులు దొరికితే ఆ ఒక్కటే మార్చిస్తాను, అక్కడ మాత్రం తలపిన్నుతో సరిపెట్టను. ఇంట్లో ఎవరికి కాలు నిలవకపోయినా, నాతో సహా, చేతికి ఏదో ఒక చిన్న పని ఇస్తాను.

అలా ఆసుపత్రిలో పుట్టిన నా తమ్ముడికి ఇప్పుడు తల నెరిసింది. మొన్న మైలవరం నుంచి వాడి పాత కారులో వస్తున్నాం. బండి ఓ పక్కకు జరిగింది.

"రోడ్లు తగలెట్టారక్కా" అన్నాడు.

"ఇంటికెళ్లాక కిందకి దూరు. స్టీరింగు నేను పట్టుకుంటాను" అన్నాను.