కుళాయి దొరకని బాయిలరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపిష్టులు రెండు రకాలుగా ఉండేవారు. అరిచి అక్కడికక్కడే చల్లారిపోయేవాళ్ళు కొందరు, నోరు మెదపకుండా దాచుకునేవాళ్ళు కొందరు. మా అమ్మమ్మ రెండో రకం. నేను ఆవిడ చేతికింద పెరిగినదాన్ని. ఈ చలికాలం ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో వేన్నీళ్ళ ట్యాంకు చెడిపోయింది. అమ్మిన షాపువాడు పార్టు బయటి దేశం నుంచి రావాలంటూ వాయిదాల మీద వాయిదాలు వేస్తుంటే, మా అల్లుడు "పోనీలెండి అత్తయ్యగారూ, కొత్తది కొనేద్దాం" అన్నాడు. కొనడం వరకూ సరే. పోనివ్వడం మాత్రం మా వంశంలో లేదు.

అప్పట్లో మా దొడ్లో ఒక రాగి బాయిలరు ఉండేది. మధ్యలో గొట్టం, చుట్టూ నీళ్ళు. గొట్టంలో చితుకులూ కొబ్బరి డొక్కలూ వేసి అంటిస్తే నీళ్ళు కాగేవి, కింద కుళాయి తిప్పి బకెట్లో పట్టుకునేవాళ్ళం. మసిబారి, ఒకపక్క సొట్టపడి, చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. బజారులో పాత్రల కొట్టు షావుకారు, పాతది ఇచ్చేసి కొత్త రకం పట్టుకెళ్ళమని మా అమ్మమ్మని ఊరించాడు. కొత్తది తళతళలాడిపోతూ ఉండేది. దాని కుళాయి చిలకముక్కులా వంపు తిరిగి ఉండేది. ఎప్పుడూ ఎవరి మాటా వినని మా అమ్మమ్మ ఆ కుళాయిని చూసి పడిపోయి, పాతది ఇచ్చేసి దాన్ని తెచ్చుకుంది.

మా పిన్ని పురిటికి వచ్చిన నెలలోనే ఆ చిలకముక్కు విరిగింది. నీళ్ళు పోసినవి పోసినట్టే కారిపోయేవి. ఊళ్ళో ఉన్న ఏ కుళాయి తెచ్చినా ఆ బెజ్జానికి పట్టలేదు. షావుకారు దగ్గరా లేదు. వచ్చే లారీలో వస్తుందమ్మా అనేవాడు. లారీలు వచ్చాయి, పోయాయి. బాలింతకి చన్నీళ్ళు పొయ్యలేరు కదా, అమ్మమ్మ వంటింటి పొయ్యి మీద గుండిగతో నీళ్ళు కాచి దొడ్లోకి మోసేది. ఒకరోజు తడి రాతి మీద కాలు జారింది. పాదం అంతా బొబ్బలెక్కిపోయింది. పిన్నీ పసిబిడ్డా దగ్గర్లో లేరు కాబట్టి సరిపోయింది.

గుడ్డ చుట్టుకున్న కాలితో కుంటుకుంటూ కొట్టుకి వెళ్ళింది. నేను వేలు పట్టుకుని ఉన్నాను. షావుకారు ఆ కాలి వంక చూసి, తక్కెడ తుడుచుకుంటూ, "చూసుకుని నడవాలి కదమ్మా" అన్నాడు. అమ్మమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది. దారంతా నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందో నాకే తెలుసు.

మర్నాడు పొద్దున్నే నన్నూ, మావయ్య కొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి తలకీ ఒంటికీ నువ్వుల నూనె కారేలా పట్టించింది. అలాగే వెళ్ళి షావుకారు కొట్టు మెట్ల మీద కూర్చోమంది. ఎవరైనా అడిగితే వేన్నీళ్ళ కోసం వచ్చామని చెప్పాలి, అంతకుమించి నోరెత్తకూడదు. బయల్దేరేటప్పుడు నూనె తల ఎదురైతే పని చెడుతుందని మావైపు గట్టి నమ్మకం. అలాంటిది ఇంకా బోణీ కాని కొట్టు ముందు ఒకటి కాదు, మూడు నూనె తలలు! పెళ్ళి సామాను కొనడానికి బండి కట్టుకుని వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, చెప్పులు కూడా విప్పకుండా ఎదురు కొట్టుకి వెళ్ళిపోయారు. షావుకారు బతిమాలాడు, కసిరాడు, జీళ్ళు ఇస్తానన్నాడు. గెంటేద్దామంటే చేతికి నూనె అంటుతుందని భయం. ఇంటికొచ్చాక చన్నీళ్ళతో ఎంత రుద్దుకున్నా ఆ జిడ్డు వదిలేది కాదు. కళ్ళు మండేవి. అయినా నాకు ఆ మెట్ల మీద కూర్చోవడం కన్నా గొప్ప ఉద్యోగం అప్పటికి తెలీదు.

ఈలోగా అమ్మమ్మ మరో బాయిలరు వెతుక్కుంది. ఈసారి ఏ కొట్టుకి వెళ్ళినా ధర అడగలేదు, మెరుపు చూడలేదు. "ఇందులో ముందు చెడేదేది? ఆ ముక్క నాకు చూపించు" అనేది. చాలామంది మా సరుకు చెడదమ్మా అన్నారు. వాళ్ళ గుమ్మంలో ఇంకో నిమిషం నిలబడలేదు. చివరికి మా వీధి చివర కంచరాయన, ముందు పొయ్యేది కుళాయేనని ఒప్పుకుని, గూట్లోంచి అదే కొలత కుళాయిలు రెండు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. రాత్రి పూటైనా తలుపు కొట్టమన్నాడు. ఆ బాయిలరు మోటుగా ఉండేది, ఆవిడకి అదే నచ్చింది. పిన్నికి మళ్ళీ వేన్నీళ్ళు కుళాయిలోంచి వచ్చాయి.

మర్నాడు మేము ఇక సెలవే అనుకుంటుంటే, అమ్మమ్మ మళ్ళీ నూనె గిన్నె తీసింది. బాయిలరు వచ్చేసిందిగా అన్నాను. "వచ్చింది. నా కాలు ఇంకా మానలేదు" అంది.

కాలు మానేదాకా వెళ్ళాం. ఆఖరికి షావుకారు ఇంటికొచ్చి, పెరట్లో నిలబడి, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందని చేతులు జోడించాడు. అమ్మమ్మ మజ్జిగ ఇచ్చి పంపింది. ఆ తర్వాత అతని కొట్లో చెంచా కూడా కొనలేదు.

ఇదంతా టూవూంబాలో చెబితే మా అల్లుడు నవ్వుతూ ఫోనులో కొత్త ట్యాంకులకి జనం ఇచ్చిన నక్షత్రాలు లెక్కపెడుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి నర్సు. నైట్ డ్యూటీ చేసి, గజగజ వణుకుతూ ఇంటికొచ్చి, కెటిల్‌తో కాచిన నీళ్ళు బకెట్లో పోసుకుని బాత్రూమ్‌కి మోసుకెళ్తోంది. ఏమన్నా అంటే "ఇట్స్ ఫైన్ అమ్మా, మేనేజ్ చేస్తున్నా" అంటుంది. నిద్రమత్తులో సలసలా కాగే నీళ్ళు మోస్తున్న పిల్లని చూసి, కొత్త ట్యాంకు కొనడానికి నేనూ వస్తానన్నాను.

మొదటి షాపు కుర్రాడు రంగురంగుల కాగితాలు ఇచ్చాడు. ముందు చెడేదేది అని మనవరాలి చేత ఇంగ్లీషులో అడిగించాను. "నథింగ్, ఆంటీ" అన్నాడు. లేచి వచ్చేశాను. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో ఒకావిడ ఉంది. అడగ్గానే సొరుగు లాగి, ట్యాంకు బదులు తుప్పు తానే తినేసే కడ్డీ ఒకటీ, థర్మోస్టాట్ ఒకటీ నా ముందు పెట్టింది. ముందు పొయ్యేవి ఇవేనంది, ఇవి ఎప్పుడూ తన దగ్గరే ఉంటాయంది, ఆదివారం చెడినా తన తమ్ముడు వచ్చి బిగిస్తాడంది. చూడ్డానికి ఆ ట్యాంకు ఏ శోభా లేకుండా ఉంది. అదే కొనమన్నాను.

ఇక పాత షాపువాడి సంగతి. మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని రివ్యూ రాయించాను. ట్యాంకు అమ్ముతారు, పార్టు అమ్మరు, ఫోను ఎత్తరు. అన్నీ జరిగినవే, ఒక్క ముక్క కల్పించలేదు. చివర "నీ జిమ్మడ" అని రాయమన్నాను. దానికి ఇంగ్లీషు ఏమిటని అడిగింది. నాకూ తోచలేదు. ఆ మాట అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేసింది. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అది అర్థమైపోయింది. పార్కులో తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌కి వెళితే, ఆ జిమ్మడ షాపు ఏదండీ అని నన్నే అడిగారు. ఆ షాపువాడు ఫోన్ చేసి, కొత్తది కొనుక్కున్నారు కదా, ఆ రివ్యూ తీసెయ్యమని బతిమాలాడు. అతని గొంతు వినగానే నాకు మా అమ్మాయి వణుకు గుర్తొచ్చింది. తియ్యనన్నాను.

క్షమించడం గొప్ప గుణమని నాకు చాలామంది చెప్పారు. ఉండొచ్చు. నాకు మాత్రం రోజూ పొద్దున్న షవర్ తిప్పగానే, అతను ఎక్కడో చన్నీళ్ళ కింద నిలబడి ఎగిరి గంతేస్తున్నట్టు కనిపిస్తాడు. పాపమో పుణ్యమో తెలీదు గానీ, అతన్ని అలా తలుచుకున్నాకే నా నీళ్ళకి సరైన వేడి వస్తుంది.