షాంపేను మోసిన చెయ్యి

మా మేనమామ పోయాడని ఎమ్మిగనూరు బస్సు కండక్టరు ఆదోని స్టాండులో నాకు చెప్పాడు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. జ్వరంతో పోయాడట. జ్వరమట జ్వరం! ఆ మనిషిని ఆదోని పత్తి బజారు ఏనాడో చంపేసింది.

మామ పత్తి దలాలి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మా బజారులో ధర నోటితో అనరు. సావుకారూ దలాలీ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. దాని కింద వేళ్లు నొక్కి బేరమాడతారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ ధర ఆ రెండు చేతులకే తెలుసు. మామ పొద్దున్నే సున్నిపిండితో మోచేతుల దాకా రుద్ది కడుక్కుని బయల్దేరేవాడు. "గుడ్డ కింద అబద్ధమాడినోడు గుడ్డ పైన బతకల్యాడప్పా" అనేవాడు. తండ్రి లేని నన్ను హైస్కూలుకు పంపింది ఆ చేతి సంపాదనే.

అట్లాంటి చేతికి సీసా అంటగట్టాడు ఒక సావుకారు. బొంబాయి నుంచి వచ్చిన మిల్లు ఆసామికి ఫ్రెంచి దేశపు షాంపేను పోసి, ఆ ఏడు సరుకంతా తానే అమ్ముకున్నాడు. అంతే, బజారుకు పిచ్చి పట్టింది. ప్రతివాడికీ షాంపేనే కావాలి. అదీ చవకది కాదు, మెడకు బంగారు కాగితం చుట్టిన అసలుదే. ఉల్లిపాయ ముట్టని ఇళ్లలో "ద్రాక్షరసమే కదప్పా, ఏకాదశికి గూడా దోషం ల్యా" అనుకుంటూ తాగారు. కొత్త జిన్నింగు మిల్లు పూజలో సీసాకు కుంకుమబొట్టు పెట్టిన మహానుభావుడూ ఉన్నాడు. అదే వారం, సారాయి తాగాడని ఒక హమాలీని పోలీసులు బజారంతా నడిపించుకుపోయారు. మద్యనిషేధం మూటలు మోసేవాడికే!

నిషేధం మా వైపే. తుంగభద్ర దాటి రాయచూరుకు పోతే సీసాలు దొరికేవి. దలాలి చేతిలో పత్తి నమూనాల మూట ఎప్పుడూ ఉంటుంది, దాన్నెవరూ విప్పి చూడరు. అందుకని ఆ సావుకారు మామను తెమ్మన్నాడు. మామ కుదరదన్నాడు. "అట్లయితే నా సరుకు ఇంగొకరి చేతికిస్తా, పో" అన్నాడు సావుకారు. మామ తల వంచాడు.

మండే ఎండాకాలం. సీసాలు పగలకుండా పత్తిలో కుక్కి బిగించి కట్టమని సావుకారు హుకుం. బుర్ర ఉన్నవాడెవడైనా అట్లా చెబుతాడా? ఆ వేడికి ఆదోని ప్లాటుఫారం మీదే బిరడా ఢామ్మని ఎగిరింది. మూటంతా నురగ. ఎదురుగా కానిస్టేబులు. "ఎవరిదిరా ఇది?" అంటే మామ "నాదే" అన్నాడు.

జైలు నుంచి వచ్చాక అడిగాను, సావుకారు పేరెందుకు చెప్పలేదు మామా అని.

"గుడ్డ కింది మాట బయటేస్తే నేను దలాలినెట్లయితానప్పా?"

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మర్నాడే చేతులు రుద్ది కడుక్కుని బజారుకు పోయాడు. నేనూ వెంట ఉన్నాను. సావుకారు ముందు చెయ్యి చాపాడు. సావుకారు తువ్వాలు కప్పకుండా తన భుజాన వేసుకున్నాడు. "సారాయి కేసులో పోయొచ్చినోనివి. నీ చెయ్యి పడితే నలుగురేమంటారప్పా?" అన్నాడు. తాగింది ఎవరు? మామ జన్మలో ఒక్క చుక్క ఎరగడు! ఆ తర్వాత బజారులో ఒక్కడంటే ఒక్కడు ఆయన చెయ్యి పట్టలేదు. చివరికి ఎమ్మిగనూరులో మా అత్త పుట్టింట మగ్గాలకు కండెలు చుడుతూ బతికాడు. నూలు చుడుతూ చుడుతూ ఆగి, ఉత్త గాలిలో వేళ్లు నొక్కుకునేవాడు. మేము చూడనట్టు ఉండేవాళ్లం.

నేను పోయేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. కాసేపటికి అదే సావుకారు పూలదండతో కారు దిగాడు. "బంగారట్లాంటి చెయ్యి, ఇంగ ఆదోనికి రాదు" అని అందరికీ వినబడేట్టు అంటూ మామ కుడిచెయ్యి పట్టుకోబోయాడు. నేను నోరు తెరిచేలోగా అత్త లేచింది. మగవాళ్ల ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి. మామ చేతిని తెల్లగుడ్డ లోపలికి తోసి, "బతికుండంగ పట్టల్యాకపోతివి. ఇప్పుడు యాల సావుకారూ? తియ్ చెయ్యి" అన్నది.

సావుకారు చెయ్యి చాపినది చాపినట్టే ఉండిపోయింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.