తెల్లపొగ డబ్బాలో సుభద్ర మేడం

ఏడో తరగతితో నేను బడి మానేస్తే, మా సారు సంతోషంతో కొబ్బరికాయ కొట్టాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అబద్ధం. రెండు కొట్టాడు. అలాంటి నేను ఇవాళ ఏర్‌పోర్టు కార్గో షెడ్డులో ఒక గుండ్రటి ఉక్కు డబ్బా ముందు నిలబడి, లోపల ఉన్నదేమిటో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెబుతున్నాను. మూత సందులోంచి తెల్లటి పొగ కారి నేల మీద పాకుతుంది. దానికి వాసన ఉండదు. చల్లగా చీలమండ తడిమి, నువ్వు కాదులే అన్నట్టు పక్కకు పోతుంది. అది తాకినప్పుడల్లా నాకు సుభద్ర మేడం గుర్తొస్తుంది.

ఆమెది భీమవరం వైపు. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక విమానాశ్రయం పక్కనున్న తొండుపల్లిలో మా ఇంటి కింది వాటాలో కిరాయికి దిగింది. ఉద్యోగం మానేసింది గానీ పాఠం మానలేదు, వినడానికి దొరికినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే నా చేతిలోని అద్దంలాంటి ప్లాస్టిక్ సంచి చూసి ఆపింది.

"ఏమయ్యా యాదగిరీ, అన్నం డబ్బాని అలా ఊరేగిస్తావేం?"

"షెడ్డుల గట్లనే మేడం. లోపల ఏమున్నదో గేటు కాడ కనబడాలె."

"నీ ఒంట్లోనూ అదే పద్ధతి. ప్రతి కణం తను లోపల తయారుచేసే సరుకు ముక్కల్ని బయటకు పట్టుకుని నిలబడుతుంది. టి కణాలని కాపలావాళ్ళుంటారు. ఒక్కొక్కరినీ తడిమి చూస్తూ తిరుగుతారు."

"తేడా సరుకు దొరికితే?"

"గోడకు సన్నటి బెజ్జం వేసి లోపలికి కబురు పంపిస్తారు. ఆ కణం తనను తానే చంపుకుంటుంది. పక్కనున్న కణానికి చప్పుడు కూడా వినపడదు."

ఆ పూట అన్నం కలుపుతూ నా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఈ వేళ్ళలో ఇప్పుడు ఎవరు ఎవరి సంచి తడుముతున్నారో. ఇంటికి ఓనర్నని మురిసిపోయేవాణ్ణి, నా ఒంట్లో నేనే కిరాయికున్నానని అప్పుడు తెలిసింది.

ఆ కాపలావాళ్ళకూ బడి ఉందని ఇంకోసారి చెప్పింది, రొమ్ము ఎముక వెనక. సంచి చదవడం రానివాణ్ణీ, సొంతవాళ్ళ మీద చెయ్యెత్తేవాణ్ణీ అక్కడే చంపేస్తారట. బయటికి వచ్చేది కొద్దిమందే. వాళ్ళు కూడా తమ శత్రువు ఎదురయ్యేదాకా ఏ పనీ లేకుండా తిరుగుతారు. ఎదురయ్యాక ఒక్కడు వేలమందవుతాడు. కొందరు చంపేవాళ్ళు, కొందరు వాళ్ళకు సాయం చేసేవాళ్ళు. పనైపోయాక చాలామంది చచ్చిపోతారు. గుర్తు పెట్టుకునేవాళ్ళు కొందరు మాత్రం ఏళ్ళ తరబడి లోపలే కాచుకుని ఉంటారు.

"మా బడే నయం మేడం, గోడ దూకితే ఇడిచిపెట్టిన్రు" అన్నాను. ఆమె నవ్వుతూ మెడ పక్కన ఏదో తడుముకుంది. అక్కడ గడ్డ ఉందని నాకు తెలిసింది తర్వాత.

ఆమె రక్తంలోని కణాలే చెడ్డాయి, క్యాన్సర్. మందులు కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోయాయి. "నా దొంగలు తెలివైనవాళ్ళు యాదగిరీ, సంచే దాచేశారు. కాపలావాళ్ళు పక్కనుంచే వెళ్ళిపోతున్నారు" అంది, అదేదో పక్కింటి గొడవ అయినట్టు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆమె టి కణాలను బయటికి తీసి, వేరే ఊరి ల్యాబుకు పంపి, సంచితో పనిలేకుండా మొహం చూసే పట్టుకునేలా వాటికి కొత్త కన్ను పెట్టి, పెంచి, గడ్డకట్టించి, పొగలు కారే ఉక్కు డబ్బాలో పెట్టి వెనక్కు తెస్తారు. అవి వచ్చే ముందు ఆమె ఒంట్లో ఉన్నవాటిని మందులతో తుడిచేస్తారు. ఆ డబ్బాకేమైనా అయితే ఇంకో డబ్బా తయారయ్యేదాకా ఆమె ఉండదు.

డబ్బా వచ్చే మధ్యాహ్నం దవాఖాన మనిషి మా కౌంటర్ దగ్గర చెమటలు కక్కుతున్నాడు. విమానం దిగింది, సరుకు కనబడటం లేదు. నేను షెడ్డంతా తిరిగి, శవపేటికలు ఉంచే మూలకు వెళ్ళాను. మంఖాల్ ఊరి నుంచి కొత్తగా పనికి చేరిన మల్లేష్ అక్కడ చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. ఉక్కు డబ్బాను నేల మీద పడుకోబెట్టి, పైన ఒక బంతిపువ్వు పెట్టాడు.

"ఏందిరా ఇది?"

"మనిషిది అని రాసున్నదన్నా. ఐసుల పెట్టి పంపిన్రు. సచ్చినోళ్ళను నిలబెడ్తమా, పాపం. పండవెట్టిన."

పడుకోబెడితే లోపలి చల్లదనమంతా కారిపోతుందని మేడం నాకు ముందే చెప్పింది. పొగ గోడ దాకా పాకి, మల్లేష్ ఉత్తి కాళ్ళను చుట్టుకుని ఉంది.

"సావలేదురా. దవాఖానల మంచం మీద ఉన్నది, దీని కోసమే చూస్తున్నది."

"మరి దీంట్ల ఎవరున్నరన్నా?"

"దీంట్ల కూడా ఆమెనే" అన్నాను. జోకు వేసినట్టే అన్నాను గానీ మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

డబ్బాను లేపి నిలబెట్టి, బండి మీద నేనే తోసుకెళ్ళాను. దారి పొడుగునా దానితో మాట్లాడాను. జర ఓపిక పట్టు మేడం, గేటు దాటితే అయిపాయె. లోపల ఆమెవే, చంపడం నేర్చుకుని నిద్రపోతున్నాయి. నా మాట వింటున్నాయేమోనని గొంతు తగ్గించాను.

చల్లదనం నిలిచింది. అవి ఆమె ఒంట్లోకి ఎక్కాయి. కొన్నాళ్ళకు చూడబోతే జ్వరంతో మంచం వణికిపోతోంది. ఆమె కళ్ళు మూసుకుని, గోడ అవతల ఎవరో సామాను జరుపుతుంటే వింటున్నట్టుంది. "పని మొదలుపెట్టారు" అంది. ఆ గదిలో చప్పుడే లేదు.

ఆ జబ్బు మళ్ళీ రాలేదు. ఆమె పోయింది నిరుడు, నిద్రలో గుండె ఆగి. ఏలూరు నుంచి తమ్ముడు వచ్చాడు. పాడెకు ఒక భుజం తక్కువైతే నన్ను పిలిచారు. మోస్తుంటే ఒకటే ఆలోచన, ఆ గుర్తు పెట్టుకునేవాళ్ళు లోపల ఇంకా కాచుకుని ఉన్నారేమో, ఆమె పోయిన కబురు వాళ్ళకు అందిందో లేదోనని. ఇప్పటికీ పొగ వచ్చే ఏ డబ్బానైనా నిలబెట్టే ఉంచుతాను, పక్కన గొంతు తగ్గించే మాట్లాడతాను.

ఆ రోజు పాడె కింద నాకు నవ్వొచ్చింది. ఆమె తమ్ముడు గుడ్లురిమి చూశాడు. ఏం చెప్పను ఆయనకు? జ్వరం తగ్గాక దవాఖానలో నేను గొప్పలు పోయాను, "షెడ్డుల మిమ్మల్ని మోసింది నేనే మేడం" అని. ఆమె కళ్ళు తెరవకుండానే అంది:

"ఒకడు కుదిరాడన్నమాట. మిగతా ముగ్గురి కోసం తొందరేం లేదులే యాదగిరీ."